పాపకు కామాక్షి అని పేరు పెట్టాలనుకుంటే

నెల్లూరు వైపు ఆడపిల్ల పుట్టిందంటే అనుకునే పేర్లలో ఎక్కడో ఒకచోట కామాక్షి ఉంటుంది. జొన్నవాడ కామాక్షి అమ్మకు మొక్కుకున్న ఇల్లయితే అనుకోవడం కూడా ఉండదు, పేరు ముందే ఖాయం. అయినా పురిటి స్నానం దగ్గరపడేసరికి ఇంట్లో మాట మారుతుంది. పాతకాలం పేరని ఒకరంటారు. బడిలో ఏడిపిస్తారేమోనని ఇంకొకరంటారు. చివరికి కామాక్షిని రెండో పేరుగానో మూడో పేరుగానో సర్టిఫికెట్లో ఇరికించి, పాపను మరేదో పేరుతో పిలవడం మొదలుపెడతారు. నా మాట ఒక్కటే: ఈ పేరు పెట్టదలచుకుంటే నిండుగా పెట్టండి, నోరారా పిలవండి. అర్థం తెలుసుకోవడం దగ్గర నుంచి పదో తరగతి కాగితాల దాకా ఏ పని ఎప్పుడు చేసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు అర్థం మీకు తెలియాలి

పేరు ఖాయం చేసుకునే ముందు తల్లీ తండ్రీ ఇద్దరూ దాని అర్థం తడుముకోకుండా చెప్పగలగాలి. రేపు చుట్టాలు అడుగుతారు, తెలుగు మాస్టారు అడుగుతారు, అందరికంటే ఎక్కువసార్లు పాపే అడుగుతుంది.

కామ, అక్షి అనే రెండు సంస్కృత పదాలు కలిసి కామాక్షి అయింది. మనం బడిలో చదువుకున్న సవర్ణదీర్ఘ సంధే. అక్షి అంటే కన్ను. మీనాక్షి, విశాలాక్షి, పద్మాక్షి అన్నీ ఈ వరసలోవే. వాటిలో మొదటి మాట ఆ కన్ను ఎలాంటిదో చెబుతుంది. కామ అంటే కోరిక. కోరికలు తీర్చే చూపు గల తల్లి అని మన ఇళ్లలో చెప్పుకునే అర్థం. మనసు దోచే కన్నులు గలది అని చెప్పినా తప్పులేదు.

చాలామంది వెనకాడేది ఆ మొదటి మాట దగ్గరే. ఇప్పుడు దాన్ని ఒకే ఒక్క అర్థంలో వాడుతున్నాం కాబట్టి ఆడపిల్ల పేరులో ఉంటే ఎలాగని జంకుతారు. ఆ జంకును దాచుకోకుండా ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి. ధర్మం, అర్థం, కామం, మోక్షం అని నాలుగు పురుషార్థాలు చెప్పారు పెద్దలు. మనిషి కోరుకోదగినవాటిలో ఒకటిగా కామాన్ని అక్కడ నిలబెట్టారు. అడిగింది ఇచ్చే ఆవును కామధేనువు అంటాం. ఆ మాట పలకడానికి ఎవరూ సంకోచించరు. కామాక్షిలో ఉన్నదీ ఆ కోరికే, ఆ ఇవ్వడమే.

ఇంకో కథ ఉంది. శివుడి మూడో కంటి మంటకు మన్మథుడు బూడిదయ్యాడు. అలా కాలిపోయిన కాముడికి మళ్లీ ప్రాణం పోసిన మందు అమ్మవారేనని లలితా సహస్రనామం చెబుతుంది. కంచిలో కామాక్షి పద్మాసనం వేసుకుని కూర్చుని, పాశం, అంకుశంతోపాటు చెరకువిల్లు, పూలబాణాలు పట్టుకుని ఉంటుంది. ఆ విల్లూ ఆ బాణాలూ కాముడివే. ఒక కన్ను కాల్చేసినదాన్ని ఒక చూపు బతికించింది. పాపకు కాస్త ఊహ తెలిశాక ఈ కథ చెప్పండి. బడిలో ఎవరైనా పేరు పట్టుకుని ఏదైనా అన్నా, తన పేరు వెనక ఏముందో ఆ పిల్లకు తెలిసి ఉంటుంది, తిరిగి చెప్పగలుగుతుంది.

మూడో వివరణ కూడా ఉంది. 'క' అంటే సరస్వతి, 'మా' అంటే లక్ష్మి, వాళ్లిద్దరినీ రెండు కళ్లుగా చేసుకున్న తల్లి కామాక్షి అని. ఇది భక్తులు అక్షరాలు విడదీసి చెప్పుకునే అర్థం, వ్యాకరణం ఒప్పే అర్థం కాదు. ఆ తేడా మీరు గుర్తుపెట్టుకోండి. పసిపిల్లకు చెప్పడానికి మాత్రం నాకు ఇదే ఇష్టం. చదువు ఒక కన్ను, కలిమి ఒక కన్ను అంటే నాలుగేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

సహస్రనామంలో కామాక్షి 62వ నామం, దాని వెంటనే వచ్చేది కామదాయిని. శుక్రవారం పారాయణ చేసే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ చోటు వచ్చినప్పుడు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోమనండి. తన పేరు శ్లోకంలో వినపడితే పిల్లలు పెట్టే ముఖం చూడాల్సిందే.

కామాఖ్యతో కలిపేయకండి. ఆమె అస్సాంలో గువాహటి దగ్గర నీలాచలం కొండ మీద ఉన్న దేవి. పేరూ వేరు, క్షేత్రమూ వేరు.

మొక్కు ఏమిటో పెద్దల్ని అడగండి

కంచి కామాక్షి, మధుర మీనాక్షి, కాశీ విశాలాక్షి అని తెలుగువాళ్లందరూ ఒక్క ఊపిరిలో అంటారు. నెల్లూరు వాళ్లకు మాత్రం కామాక్షి అనగానే కంచి కంటే ముందు జొన్నవాడ గుర్తొస్తుంది. నెల్లూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, బుచ్చిరెడ్డిపాళెం మండలంలో, పెన్న ఒడ్డున మల్లికార్జునస్వామితో కలిసి కొలువైన కామాక్షితాయి ఆమె. కశ్యప మహర్షి అక్కడ యజ్ఞం చేశాడని, యజ్ఞాన్ని తెలుగులో జన్నం అంటారు కాబట్టి జన్నవాడ అయి, అదే జొన్నవాడ అయిందని స్థలపురాణం. శంకరాచార్యులు అక్కడ శ్రీచక్రం ప్రతిష్ఠించారని కూడా చెప్పుకుంటారు. తాయి అన్నది అమ్మకు తమిళమాట. అరవదేశం పక్కనే ఉన్న సీమ కదా, ఆ పిలుపు అలా అతుక్కుపోయింది.

జొన్నవాడకు ఎక్కువగా వెళ్లేది బిడ్డల కోసం, ఆరోగ్యం కోసం. గుడిలో రాత్రి నిద్ర చేస్తారు. వైశాఖమాసం బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణ రోజున ఇచ్చే కొడిముద్దల ప్రసాదం కోసం సంతానం కోరుకునే ఆడవాళ్లు బారులు తీరతారు. అలా కలిగిన బిడ్డ ఆడపిల్లయితే కామాక్షి, మగపిల్లవాడయితే కామాక్షయ్య. ఈ కామాక్షయ్య అన్న పేరు మన వైపు ఎంత మామూలో బయటివాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు.

అందుకే పేరు ఖాయం చేసే ముందు రెండువైపుల పెద్దల్నీ కూర్చోబెట్టి అడగండి. మొక్కుకున్నది ఎవరు? పేరు పెడతామని మొక్కారా, పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కారా, రెండూనా? పాప తల్లికి తెలియకుండా అమ్మమ్మ ఒకటి, నాయనమ్మ ఒకటి మొక్కుకుని ఉండటం మామూలే. బారసాల పీటల మీద ఆ సంగతి బయటపడితే ఎవరికీ బాగుండదు.

మీ ఇలవేల్పు వేరయితే ఆ పేరునే చూడండి. పెంచలకోన వాళ్లకు పెంచలమ్మ ఉంది, నర్రవాడ వైపు వెంగమాంబ ఉంది, నెల్లూరు రంగనాథుణ్ణి కొలిచేవాళ్లకు రంగనాయకి, కందుకూరు దగ్గర మాలకొండకు వెళ్లేవాళ్లకు మాలకొండమ్మ, మార్కాపురం వైపు త్రిపురాంతకం బాలాత్రిపురసుందరి. ఇవన్నీ ఊరినీ ఏటినీ కొండనీ వెంటబెట్టుకుని వచ్చే పేర్లు. ఇక్కడ కామాక్షి గురించి చెబుతున్నవి చాలావరకు వాటికీ పనికొస్తాయి.

అవ్వ పేరే పెడుతుంటే

మన ఇళ్లలో కామాక్షి మొక్కుగా ఎంత వస్తుందో, పెద్దావిడ పేరుగా కూడా అంతే వస్తుంది. నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టడం ఆనవాయితీ. దీనిలో రెండు చిక్కులున్నాయి, రెండింటికీ దారి ఉంది.

మొదటిది పిలుపు. అత్తగారి పేరు పెట్టి బిడ్డను కసురుకోవడానికి కోడలికి నోరు రాదు. "ఏమే కామాక్షీ, అన్నం తినవేం" అని గట్టిగా అంటే పక్కగదిలో అత్తగారికి వినపడుతుంది. అందుకని బుజ్జి, చిన్ని, అమ్మడు అని ఏదో ఒకటి మొదలవుతుంది. బడికెళ్లే నాటికి పిల్లకు తన అసలు పేరు పరాయిదిలా తోస్తుంది. దీన్ని తప్పించడం అత్తగారి చేతిలోనే ఉంది. "నా పేరే గదమ్మా, పిలువు, తిట్టు, నేనేమీ అనుకోను" అని ఆమె చేత బారసాల నాడే అందరి ముందు అనిపించండి. మాట చిన్నదే కానీ కోడలికి ఆ మాట కావాలి.

రెండోది కాగితాలు. అవ్వా మనవరాలూ ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే చిరునామా. రేషన్ కార్డులో, బ్యాంకులో ఒకరిది ఒకరికి పడే అవకాశం ఎక్కువ. అదృష్టం కొద్దీ ఈ పేరుకు తెలుగు ఒక మార్గం ఇచ్చింది. పాతతరం వాళ్ల పాసుపుస్తకాల్లో, ఓటరు కార్డుల్లో చాలావరకు కామాక్షమ్మ అనే ఉంటుంది. పాపకు కామాక్షి అని ఉంచండి. నోటితో పిలిచేటప్పుడు ముద్దుగా అమ్మ చేర్చుకోవచ్చు, రాతలో మాత్రం వద్దు. అవ్వ కాగితాల్లో కూడా కామాక్షి అనే ఉంటే, అప్పుడు పాపకు ఇంకో పేరు చేర్చడం మేలు.

పేరు ఎంత పొడుగు?

అలా అవసరం ఉంటేనే చేర్చండి. వెంకట కామాక్షి, నాగ కామాక్షి, శ్రీ కామాక్షి, సాయి కామాక్షి అని ముందొకటి తగిలించడం మనకు అలవాటు. మొక్కులు రెండుంటే అది న్యాయమే. ఫ్యాషన్ కోసం అయితే దండగ. కామాక్షి ఒంటరిగా నిలబడగల పేరు. ఆడపిల్ల పేరు బేసి అక్షరాల్లో ఉండాలని గృహ్యసూత్రాలు చెబుతాయి. కా, మా, క్షి మూడక్షరాలు, లెక్క కుదిరింది.

ఈమధ్య దీన్ని అక్షి అని కుదించి, అదే అసలు పేరుగా రాయిస్తున్నవాళ్లు కనిపిస్తున్నారు. వినడానికి కొత్తగా ఉంటుంది, నిజమే. కానీ అక్షి అంటే వట్టి కన్ను. అది ఎవరి కన్నో, ఎలాంటి చూపో చెప్పే భాగం పోయింది, జొన్నవాడా పోయింది. ముద్దుపేరుగా వాడుకోండి, సర్టిఫికెట్లోకి ఎక్కించకండి.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: కే, ఏ, ఎం, ఏ, కే, ఎస్, హెచ్, ఐ. ఎనిమిదే అక్షరాలు. సంఖ్యాశాస్త్రం చూసేవాళ్లు ఇంకో ఏ వేయమంటారు, చివర ఇంకో ఐ వేయమంటారు. వేయించిన ప్రతి అదనపు అక్షరమూ ఏదో ఒక ఆఫీసులో రాలిపోతుంది, దాన్ని సరిచేయించడానికి తిరగాల్సింది మీ పాపే. తడ దాటి తమిళనాడులోకి వెళితే ఇదే పేరును క్ష బదులు ట, చ పలికేలా టీ, సీ, హెచ్ వేసి రాస్తారు. చెన్నైలో కాన్పు అయితే ఆసుపత్రి కాగితాల్లో ఏ స్పెల్లింగు పడిందో అక్కడే చూసుకోండి.

నక్షత్రం, నామకరణం

కా అన్న అక్షరం మృగశిర మూడో పాదానిది, మిథునరాశి. పాప ఆ పాదంలో పుడితే అన్నీ ఒకచోట కలిసినట్టే. కాకపోతే బెంగ పడనక్కరలేదు. నక్షత్రాన్ని బట్టి జన్మనామం ఒకటి పురోహితుడు చెబుతాడు. సంకల్పాలకూ జాతకానికీ అది ఉంటుంది, లోకం పిలిచే పేరు కామాక్షి అవుతుంది. రెండు పేర్లూ ఉండటం పూర్వం నుంచీ ఉన్నదే. జన్మనామాన్ని జాతకం పుస్తకంలో రాసి ఉంచండి, ప్రభుత్వ కాగితాల్లోకి తీసుకురావద్దు.

నామకరణం 11వ రోజున చేసేవాళ్లు ఉన్నారు, 21వ రోజున ఉయ్యాలలో వేస్తూ చేసేవాళ్లు ఉన్నారు. మీ ఇంటి ఆనవాయితీ ఏదైతే అదే. పళ్లెంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరంతో పేరు రాసి, పాప చెవిలో చెబుతారు. రాసేటప్పుడు క్ష ఒత్తు, దీర్ఘాలు సరిగ్గా పడాలి. కామక్షి కాదు, కామాక్షి. బియ్యంలో అక్షరం చెదిరిపోతుంది కాబట్టి పళ్లెం కొంచెం పెద్దది తీసుకుని, బియ్యం పలచగా పరవండి. ఆ పళ్లాన్ని ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మేనత్తగానీ అమ్మమ్మగానీ ఏదైనా ఇవ్వాలనుకుంటే చిన్న ఇత్తడి కామాక్షి దీపం ఇమ్మనండి. వెనక పలక మీద అమ్మవారి బొమ్మ ఉండే దీపం అది, పూజసామాన్ల అంగళ్లలో దొరుకుతుంది. పాప పేరు దీపానికి కూడా ఉందంటే, పెద్దయ్యాక అది తనదేనని అట్టే పెట్టుకుంటుంది.

ఉయ్యాలపాటగా ఏం పాడాలని అడిగితే ఒక మాట చెబుతాను. తంజావూరు బంగారు కామాక్షిని కొలిచిన శ్యామశాస్త్రి (1762–1827) తన కీర్తనల్లో ఎక్కువభాగం తెలుగులోనే రాశాడు. సంగీతం వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే వాటిలో ఒకటి పాడించండి. మీ పాప పేరు అరవదేశంలో తెలుగు మాటల్లో ఎలా పలికిందో వింటారు.

జనన ధ్రువపత్రం: ఇక్కడ ఆలస్యం చేయకండి

జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే సమాచారం ఆసుపత్రివాళ్లు పంపుతారు, ఇంట్లో పుడితే మీరే చెప్పాలి. అప్పటికి పేరు తేలకపోతే పేరు గడి ఖాళీగా వదిలి నమోదు చేయించవచ్చు. ఎవరో తొందరపెట్టారని నోటికొచ్చిన పేరు రాయించకండి, 'బేబీ ఆఫ్' అని రాసినా ఊరుకోకండి. నమోదైన నాటి నుంచి ఏడాదిలోపు పేరు చేర్చుకుంటే ఆలస్య రుసుము ఉండదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు రుసుము కట్టి చేర్చుకోవచ్చు, కానీ అంతదాకా ఆగడం తెలివైన పని కాదు. పల్లెల్లో గ్రామ సచివాలయంలో, పట్టణాల్లో మున్సిపాలిటీ దగ్గర అడగండి.

ఈ కాగితం ఇదివరకటిలా కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటు, పెళ్లి రిజిస్ట్రేషను, ప్రభుత్వోద్యోగం అన్నిటికీ పుట్టిన తేదీకి ఆధారం ఇదే. దీనిలో పేరు తప్పుపడితే ఆ తప్పు వెంట వస్తూనే ఉంటుంది.

అర్జీ నింపేటప్పుడు పాప పేరు పక్కన ఇంటిపేరు పూర్తిగా రాయించండి. ఒట్టి ఇనీషియల్ వేసి వదిలేస్తే పాస్‌పోర్టు నాడు ఆ పొట్టక్షరానికి విస్తరణ చూపించమంటారు. తల్లి పేరు, తండ్రి పేరు వాళ్ల ఆధార్‌లో ఎలా ఉన్నాయో అచ్చంగా అలాగే ఉండాలి. ముద్రించిన కాగితం చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ చదవండి. తప్పు అక్కడికక్కడే చెబితే నిమిషాల పని.

ఆధార్, బడి

జనన ధ్రువపత్రం చేతిలో పెట్టుకునే ఆధార్‌కు వెళ్లండి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. ఐదేళ్లప్పుడు, 15 ఏళ్లప్పుడు వేలిముద్రలు, కనుపాపలు ఇవ్వాలి. ఇక్కడ కామాక్షి అన్న పేరుకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్‌లో కొట్టిన పేరును కంప్యూటరు తానే తెలుగులోకి మారుస్తుంది. దానికి దీర్ఘం ఎక్కడుందో తెలియదు, అందుకే కమక్షి, కామక్షి, కమాక్షి అని వస్తుంటాయి. ఇంగ్లిష్ సరిగ్గా ఉందని చాలామంది తలూపేస్తారు. తెలుగు వరస కూడా సరిచేయమని అడగండి, ఆపరేటరు చేత్తో మార్చగలడు. సరి అయ్యాకే రసీదు తీసుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఇస్తారు, దాన్ని ఒక దీర్ఘం కోసం ఖర్చు చేసుకోవడం ఎందుకు?

బడిలో చేర్చే రోజు ముద్దుపేరు చెప్పకండి. ఆ నాడు రిజిస్టరులో పడిన పేరే తరగతి తర్వాత తరగతి ఎక్కుతూ పోతుంది. టీచరుకు కూడా కామాక్షి అనే పరిచయం చేయండి.

రాయడం, పలకడం నేర్పండి

పల్లెల్లో కామాచ్చి, కామాచ్చమ్మ అనేవాళ్లు ఉంటారు. వాళ్లను దిద్దకండి. ముసలావిడ నోట్లోంచి ఆప్యాయంగా వచ్చిన పిలుపది, పాప దానికి కూడా పలకాలి. తాను చెప్పుకునేటప్పుడు మాత్రం క్ష స్పష్టంగా పలకడం పాపకు నేర్పండి. క, ష కలిపి నెమ్మదిగా అనిపిస్తే మూడు నాలుగేళ్లకల్లా వచ్చేస్తుంది. రాయడం ఇంకా తేలిక: తలకట్టు, దీర్ఘం వచ్చాక కా, మా వాటంతట అవే వస్తాయి, క్ష ఒక్కటే విడిగా దిద్దించాలి. ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే అక్షరమాల చివరిదాకా బడిలో ఎప్పటికి వెళతారో తెలియదు, కాబట్టి ఆ ఒక్క అక్షరం ఇంట్లోనే నేర్పండి.

ఇక మిగిలిన పెద్ద మజిలీ పదో తరగతి. పరీక్షలకు ముందు బడి నుంచి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, వెళతాయి. పాప పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అన్నీ అందులో ఉంటాయి. పదో తరగతి మెమోలో ఎక్కేది అదే. మెమో అచ్చయ్యాక మార్పించడం చాలా తిరుగుడుతో కూడిన పని. అందుకని ఆ జాబితా సంతకానికి వచ్చిన రోజు జనన ధ్రువపత్రం పట్టుకుని బడికి వెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఇంగ్లిష్ అక్షరాలు ఎనిమిదీ ఒక్కొక్కటిగా వేలు పెట్టి పాప చేతనే చదివించండి. సరిపోయాయని తనే చెప్పాక సంతకం పెట్టండి.